కూర్చోకూడని సీట్లు

జూన్ 2, సోమవారం

ఈ రోజు వదిన రిటైరైంది. ఫ్యాక్టరీలో కేక్ కోశారు. సూపర్‌వైజర్ నాలుగు మంచి మాటలు చెప్పి, ఇకనైనా హాయిగా కూర్చోండమ్మా అన్నాడు. కూర్చోవడం ఒక్కటే నా వల్ల కాదు నాయనా అంది వదిన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నడుముకి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ కుర్చీలో అరసినిమా సేపు కూడా ఉండలేదు. భోజనం కూడా అలమరకి ఆనుకుని నిలబడే చేస్తుంది. అందుకే ఆఖర్న మెషీన్ మీద నుంచి తీసి కటింగ్ టేబుల్ దగ్గర నిలబెట్టారు.

ఈ పరాయి దేశానికి వచ్చి మేం కుట్టేది విమానం సీట్లకి కవర్లు. అందులోనూ ముందు క్యాబిన్ సీట్లు, మంచంలా చాపుకునేవి. వదిన కుట్టేది, నేను చెకింగ్‌లో దారాలు కత్తిరించి చూసేదాన్ని. ఇప్పటికీ అదే పని. మా దగ్గర ఒక రూలుంది. తయారైన సీటు మీద ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే ఆ రోజు జీతం కోత. గోడ మీద బోర్డు కూడా పెట్టారు. ఇన్నేళ్ళలో వదిన గానీ నేను గానీ ఒక్కసారి కూర్చోలేదు.

బస్‌స్టాప్‌లో వదిన అసలు సంగతి చెప్పింది. వచ్చిన డబ్బులో సగం పెట్టి ప్రపంచం చుట్టి వచ్చే టికెట్ కొంటుందట. ముందు సీట్లలో. ఒకటి తనకి, ఒకటి నాకు.

బస్సు వచ్చింది వదినా అన్నాను.

జూన్ 3, మంగళవారం

ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే చెవుల్లో విమానం మోత.

జూన్ 8, ఆదివారం

వదిన భోజనానికి వచ్చి, ఆయన చెయ్యి కడుక్కునే దాకా ఆగి చెప్పింది. అంటే మంచి టైమే చూసుకుంది. అయినా లాభం లేకపోయింది.

మా ఆయన వదినకి తమ్ముడు. ఇళ్ళకి రంగులు వేస్తారు. అక్కంటే ప్రాణం. ప్రాణం కాబట్టే అంత కోపం వచ్చింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయక్కా అన్నారు. నేను కూర్చోలేను కదరా, పడుకుని తింటాను అంది వదిన.

అంత తిరగాలనుంటే వెనక సీట్లలో వెళ్ళొచ్చుగా, ముందు కూర్చున్నవాళ్ళు ముందు రోజు దిగుతారా అని ఆయన. ఒరే, మొన్న చెల్లెలి ఊరికి బస్సులో పోయొచ్చి మూడు రోజులు మంచం దిగలేదు, మర్చిపోయావా అని వదిన. అయితే వెళ్ళడమే మానెయ్ అని ఆయన. అదీ ఆయన మనసులోని మాట.

వదిన ఒక్కతే అద్దె గదిలో ఉంటుంది. మా మేడ మీద గది ఖాళీ. అక్కడికి వచ్చెయ్, నీ డబ్బు సంగతి నేను చూసుకుంటాను, ముద్ద నీ ముందుకొస్తుంది అని ఆయన ఎప్పటి నుంచో పోరుతున్నారు. వదిన రాదు. నా తలుపుకి తాళం నేనే వేసుకుంటాను, నేనే తీసుకుంటాను అంటుంది. వాళ్ళిద్దరి మధ్యలో నేను గిన్నెలు సర్దుతూ ఉంటాను.

ఈ రోజు వదినే పందెం పెట్టింది. నీ పెళ్ళాం అబద్ధం ఆడదు కదా, నాతో వస్తుంది, తిరిగొచ్చాక అదే చెప్పాలి. ఈ టికెట్ దండగ అంటే గది ఖాళీ చేసి నీ మేడ మీదికి వస్తాను, మిగిలిన డబ్బు నీ చేతిలో పెడతాను. దండగ కాదు అంటే నా డబ్బు గురించీ నా గది గురించీ నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు.

ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. సరే అన్నారు. ఎందుకనరు మరి, అరిగిపోయిన సబ్బు ముక్కలన్నీ కలిపి కొత్త సబ్బు చేసే మనిషిని నేను. ఆయనకి గెలిచినట్టే ఉంది. మొహం వెలిగిపోయింది.

నన్నెవరూ అడగలేదు.

జూన్ 12, గురువారం

గురువారాలు నేను మాట్లాడను. లేచింది మొదలు సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మౌనం. అమ్మ పోయిన ఏడు మొదలుపెట్టాను, అలాగే నిలిచిపోయింది. ఫ్యాక్టరీలో అందరికీ అలవాటే. నేను గురువారం కోసం వారమంతా ఎదురుచూస్తానని ఆయన జోకులేస్తారు, మిగతా రోజుల్లో నేనేదో గొంతు చించుకుంటున్నట్టు.

మాట లేకపోతే మనసు ఎక్కువ వాగుతుంది. ఈ రోజు చెకింగ్ టేబుల్ మీద ఒక సీటు కవర్ సర్దుతూ, చేత్తో దాన్ని నిమిరాను. పని కోసం కాదు. ఊరికే.

నాకూ వెళ్ళాలని ఉంది. ఆ మాట దేవుడికి చెప్పాను. సిగ్గుగా ఉంది గానీ ఆయనకి ముందే తెలిసి ఉంటుంది.

జూన్ 14, శనివారం

టికెట్ల ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి అమ్మాయి మంచిది. వదిన నిలబడే మాట్లాడుతుంటే తనూ లేచి నిలబడింది. గోడ మీద మ్యాప్ చూపిస్తూ చెప్పింది. బయలుదేరిన వైపే పోతూ ఉండాలి, వెనక్కి తిరగడానికి లేదు. రెండు మహాసముద్రాలూ దాటాలి. ఎక్కడ ఎక్కామో ఆ దేశంలోనే దిగాలి. మనం ఈ దేశపు పడమటి ఒడ్డు నుంచి తూర్పుకి పోతే ఊరూరా గడియారం ముందుకి తిప్పుకోవాలి, కొన్ని కొన్ని గంటలు పోతాయి, తేదీ మారే గీత మన ఆఖరి సముద్రం మీదే ఉంది కాబట్టి అక్కడ మాత్రం ఒక రోజు మొత్తం తిరిగొస్తుంది.

చిల్లర చిల్లరగా తీసుకుని ఆఖర్న నోటు ఇస్తారన్నమాట అంది వదిన. ఈ టికెట్ మీద మేం రీఫండ్ ఇచ్చేది అదొక్కటే మేడమ్ అంది ఆ అమ్మాయి. ఇద్దరికీ జత కుదిరింది.

నేను మెల్లగా అడిగాను, ఇది నిజంగా అంత ఖరీదు చేస్తుందా అమ్మా అని. ఆ అమ్మాయి కాస్త ఆలోచించింది. ముందు సీట్లే విడివిడిగా కొంటూ తిరిగేవాళ్ళకి ఇది చాలా చవకండీ, వెనక కూర్చోగలిగినవాళ్ళకి ఒట్టి దుబారా అంది. అమ్మేవాళ్ళు ఇంత నిజం చెప్పడం నేను చూడలేదు.

అయితే నాకు వెనక సీటు చాలు వదినా అన్నాను. నా నడుం బెల్టు ఎవరు బిగిస్తారే, పైలటా అంది.

జూన్ 16, సోమవారం

కొనేసింది.

సెప్టెంబర్ 6, శనివారం. విమానంలో

సీటు దగ్గరికి వచ్చి ఇద్దరం నిలబడిపోయాం. మా వెనకాల మనుషులు ఆగిపోయారు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి కూర్చోండి మేడమ్ అంది. మేడమ్ ఎవరా అని వెనక్కి చూశాను.

కూర్చోలేకపోయాం. నిజంగానే. వదిన చేతులు రెండూ చీరకి తుడుచుకుంది. నేను జడలో పిన్నులు తీసి సంచిలో వేశాను, గుడ్డకి గీత పడుతుందని. ఆఖరికి నా శాలువా పరిచి, దాని మీద అంచున కూర్చున్నాను. వదిన నన్ను చూసి, కోత పడుతుందే పిల్లా అంది. అప్పుడు మొదలైన నవ్వు విమానం ఎగిరేదాకా ఆగలేదు.

తర్వాత వదిన ఊరుకోలేదు. పక్క కుషన్ కవర్‌కి ఉండే అంటుకునే పట్టీ లాగి, లోపలి వైపు తిరగేసింది. నేనూ వంగాను. ఇద్దరం తలలు దూర్చి చూస్తుంటే ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది, సీటు విరిగిందా అని. లేదమ్మా, కుట్టు చూస్తున్నాం అంది వదిన. పాపం ఆ పిల్లకి ఏం చెయ్యాలో తెలియక నీళ్ళు తెచ్చిచ్చింది.

కుట్టు వదులు. నేనైతే వెనక్కి పంపేదాన్ని.

ఇక భోజనం. ఒక ముద్ద తినగానే పళ్ళెం మారుస్తారు. వేడి తువ్వాలు ఇస్తారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ఎక్కే ముందు లాంజ్ అని ఒక గదిలో కూర్చోబెట్టారు. అక్కడ అంతా ఖరీదైన నిశ్శబ్దం. నాకు మౌనం ఊరికే వస్తుంది.

ఇప్పటికైతే దండగే. ఉన్నమాట రాసుకోవాలి.

సెప్టెంబర్ 9, మంగళవారం

బస మాత్రం చిన్న లాడ్జిలో, కింద లాండ్రీ షాపు. గదంతా ఇస్త్రీ వాసన. వదినకి భలే నచ్చింది.

దిగిన రోజే నది ఒడ్డున నడుస్తానంది. ఇప్పుడొద్దు, రేపు చూద్దాం అన్నాను. రేపటికి ఇంకో గంట పోతుందేమో అని చెప్పులు వేసుకుంది. వంతెన దాకా వెళ్ళాం. దాటాం. అవతల బట్టల షాపు అద్దంలో కోటు చూసి, చంక దగ్గర ముడతలు అని తేల్చింది. మళ్ళీ వంతెన దాటాం. చీకటి పడకముందే కాళ్ళు నావే నొప్పి పెట్టాయి.

సెప్టెంబర్ 17, బుధవారం. విమానంలో

ఎక్కిన ప్రతి విమానంలోనూ వదిన పట్టీ లాగి చూస్తూనే ఉంది. ఒకటి దారం లావు, ఒకటి మూల వంకర. మనదెక్కడా లేదే అంటుంది. మనం కుట్టే కంపెనీ విమానాలు వేరు, ఆ మాట ఆవిడకీ తెలుసు. అయినా చూడకుండా ఉండలేదు.

ఈ రోజు లాగి చూసి తప్పు ఎంచలేదు. నన్ను పిలవనూ లేదు. నేనే వంగి చూశాను. మూల మలుపు దగ్గర కుట్టు ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్ళీ మొదలైందో నా కంటికి ఆనలేదు. వేలితో తడిమినా దొరకలేదు. ఇన్నేళ్ళ చెకింగ్‌లో అలాంటి మూల చూడలేదు, వదినది కూడా అలా ఉండదు.

ఎవరో గానీ నాకంటే బాగా కుట్టింది అంది వదిన. ఆడమనిషే అని ఎలా తెలుసు అన్నాను. నువ్వూరుకో అంది. తర్వాత, ఆవిడనీ కూర్చోనిచ్చి ఉండరు అంది.

పట్టీ జాగ్రత్తగా అంటించింది. సీటు చాపించుకుని పడుకుంది. నేను బెల్టు వదులు చేశాను. పక్కకి తిరగలేదు, మూలగలేదు, దిండు కోసం వెతకలేదు. గురక పెట్టింది. ఆపరేషన్ తర్వాత ఆవిడ గురక నేను వినలేదు. నొప్పి ఉన్న మనిషి గురక పెట్టేంత నిద్ర పోదు.

పక్క సీటాయన విసుక్కుంటూ చెవుల్లో ఏదో పెట్టుకున్నాడు. ఆయన కోసం కూడా ప్రార్థన చేశాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఆయన ఫోన్ చేశారు. మేడ మీద గదికి రంగు వేశారట, అక్కకి ఇష్టమైన లేత ఆకుపచ్చ. మొక్కలకి నీళ్ళు పోయమని వదిన తాళంచెవి ఇచ్చి వచ్చింది. రోజూ అంత దూరం ఎవరు పోతారని మొక్కలన్నీ మేడ మీదికి తెచ్చేశారట. మొక్కలు దిగాయి, ఇక మనిషే రావాలి అని నవ్వారు. ఆ నవ్వులో చెడు లేదు. అదే నాకు కష్టంగా ఉంది.

తీర్పేమిటి అని అడిగారు. ఇంకా ఒక విమానం మిగిలుంది అన్నాను. అది నిజమే.

వదినని కాపాడటానికి దండగ కాదు అంటే అది అబద్ధం. వేడి తువ్వాళ్ళు చూసి దండగ అంటే ఆవిడ తాళం పోతుంది. దేవుడా, నన్నెందుకు నిజాయితీపరురాల్ని చేశావు అనబోయి నాలుక కరుచుకున్నాను.

సెప్టెంబర్ 25, గురువారం. ఎయిర్‌పోర్ట్, సాయంత్రం

పొద్దున్నుంచీ మౌనం. వదిన ఒక్కతే మాట్లాడింది. నా కోసం అబద్ధం చెప్పకే పిల్లా, మేడ మీదికి వచ్చేస్తాను, ఎక్కడ ఉంటే ఏముంది అంది. నడుం బెల్టు సర్దుకుని, ఆ మెట్లే కొంచెం నిటారు అంది.

కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించాను. పళ్ళేలు, లాంజ్, తువ్వాళ్ళు అన్నీ ఒక పక్కకి తీసేశాను. నా సీటు కూడా తీసేశాను. నేను వెనక కూర్చున్నా ఈ ఊళ్ళన్నీ చూసేదాన్నే. మిగిలింది ఒక్కటే. పక్క ఊరికి బస్సులో పోయొస్తే మూడు రోజులు మంచం దిగని మనిషి, దిగిన ప్రతి ఊళ్ళోనూ ఆ రోజే చెప్పులు వేసుకుంది.

చెకింగ్ టేబుల్ దగ్గరా అంతే. బయటి మెరుపు చూడను. కుట్టు నిలుస్తుందా లేదా అన్నదే చూస్తాను.

సూర్యుడు దిగాడు. ప్రార్థన అయింది. మా విమానం పిలిచారు.

సెప్టెంబర్ 25, గురువారం. మళ్ళీ

సముద్రం మీద శాలువా మడిచి పెట్టేశాను. సీటు చాపుకుని పడుకున్నాను. లేచేసరికి గురువారమే.

ఆయన బయట నిలబడి ఉన్నారు, చొక్కా మీద ఆకుపచ్చ చుక్కలు. ఇది ఈ రోజు మాట్లాడదు కదక్కా, తీర్పు రేపు విందాం, ముందు మేడ మీదికి పద అన్నారు.

నా మౌనం అవతలి ఒడ్డునే తీరింది. ఈ గురువారం అదనం.

వదిన తాళంచెవి వదినకి ఇచ్చేయండి అన్నాను.

ఆయన నన్నే చూస్తూ జేబులు తడుముకున్నారు. అది మొదటి జేబులోనే ఉంది. పైకి తెలుస్తోంది కూడా. అయినా మిగతా జేబులన్నీ వెతికారు.