గుట్ట బాట

షోలాపూరులో ఉన్న ఐలేశం బావకు,

మిల్లు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. బాట మూసేశారు కనుక గొర్లను అమ్మేయమన్నావు. అమ్మలేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

దొర మనుషులు గుట్ట ఎక్కే బాటకు అడ్డంగా కంప కొట్టారు. ఏటా సగం గుట్టను మేపకుండా మనం కాపాడుకొచ్చిన ఊరుమ్మడి గడ్డి ఇక దొరదేనన్నారు. మేమంతా దొర ఉండే గడికి పోయి బతిమాలుకున్నాం. మా అక్క సోమమ్మ మాత్రం రాలేదు. నీ ఇల్లాలి మొండితనం నీకు తెలియనిదా!

జొన్న విత్తే ముందు ఎరువు కోసం మన మందలను దొర చెలకల్లో పడుకోబెడతాం కదా. మొన్న ఆయన గుమాస్తా మన వాకిట్లోకి వచ్చి, "మంద ఎప్పుడు తోల్తరు?" అన్నాడు.

అక్క ఉన్ని వడుకుతూ తల కూడా ఎత్తలేదు. "మేసేది గుట్ట మీద, ఎరువు మీ చెలకల. బాటనేమో మూస్తిరి. గొర్లు ఏం తిని ఎరువేస్తయి? జర దొరనే అడిగి రాండ్రి" అన్నది.

అతను మిగతా కురుమల ఇళ్ళకూ తిరిగాడు. ప్రతి వాకిట్లో ఒకటే జవాబు: "సోమమ్మ మంద ఎటు పోతే మా మంద అటే."

నిన్న పొద్దున గుమాస్తా దగ్గరుండి కంప తీయించాడు. మందలన్నీ గడి ముందు నుంచే కదిలాయి. అక్కడికి రాగానే మేమంతా అలవాటుగా చెప్పులు చేతపట్టుకున్నాం. అక్క పట్టుకోలేదు. ఆమె కిర్రుచెప్పుల చప్పుడు గుట్ట ఎక్కేదాకా మా ముందు వినబడుతూనే ఉంది.

గొర్లను అమ్మాలంటే నువ్వే వచ్చి ఆ మాట ఆమెతో చెప్పు. నాకంత ధైర్యం లేదు.

నీ బామ్మర్ది