సుద్దతో గీసిన పడవ

అమ్మాయికి మీ నాన్న రాసేది. ఇద్దరం కులాసా. అమ్మ గురించి బెంగ పెట్టుకోకు.

కాలువలో మన కొత్త పడవ తయారైంది. వచ్చే వారం ఈ ఇల్లు ఖాళీ చేసి అందులోకి మారాలి. అంత ఇరుకులో నావల్ల కాదు, మీరే పొండి అని మీ అమ్మ మొండికేసింది. నాకు నచ్చజెప్పడం చేతకాదు. అందుకని పడవ గది ఎంతుంటుందో అంత హాలు నేల మీద సుద్దతో గీశాను. అందులోనే పొయ్యి, మంచం, అలమర కూడా గీశాను.

నిన్న ఆవిడ గిన్నె పట్టుకుని గీత దాటింది. "నీళ్ళలో పడ్డావే!" అన్నాను.

"చూస్తూ నిలబడ్డారేం? చెయ్యివ్వండి మరి!" అంది.

చెయ్యిచ్చి లోపలికి లాగాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తనే తడిగుడ్డతో అలమర తుడిచేసి, ఆ చోట ఇంకో మంచం గీసింది. "పిల్ల వస్తే ఎక్కడ పడుకుంటుంది, మీ నెత్తి మీదా?" అంది. ఇక వస్తున్నట్టే.

నీ దగ్గు తగ్గిందా? ఉన్ని దుప్పటి అక్కడుంటే పంపు. ఆ మంచం చేయడానికి వడ్రంగి నీ పొడవు అడిగితే, నా భుజం దాకా అని చెప్పాను. అది బడికెళ్ళేనాటి మాట అంది మీ అమ్మ. అల్లుడి చేత కొలిపించి వెంటనే రాయి. నువ్వు కాళ్ళు చాపుకుని పడుకోవాలి. మీ అందరికీ మా దీవెనలు.

నాన్న