నిచ్చెన మీద నేరం

మహారాజశ్రీ బాబాయ్ గారి దివ్యసముఖానికి,

అన్న కొడుకు నడుం పట్టేసేదాకా వంగి చేసుకుంటున్న మనవి.

ఫోన్లో "గుండె" అన్న మాట వినగానే మూడుసార్లు పెట్టేశావు. ఉత్తరాన్ని అలా పెట్టేయడం కుదరదు. చింపొచ్చు గానీ, ఏం రాశానో చూడకుండా చింపే ఓర్పు నీకు లేదు.

మా ప్రెస్సులో అందరికీ ఉచితంగా పరీక్షలు చేశారు. పొద్దస్తమానం కూర్చుని అచ్చుతప్పులు దిద్దే నాకు, నాలో తప్పులు దిద్దడానికి ఒక డాక్టరమ్మ దొరికింది. చెడ్డ కొలెస్ట్రాల్ ఉండాల్సినదానికి రెండింతలు. షుగరు గడప దగ్గర నిలబడి లోపలికి రానా అంటోంది. నడుము కొలిచేటప్పుడు, "బాబూ, ఊపిరి వదిలితే కొలుస్తాను" అంది. గుండెకు స్కానింగ్ తీస్తే, బిగుసుకోవడం బాగానే బిగుసుకుంటోందట, సడలడానికే మొరాయిస్తోందట. ఇరవై ఎనిమిదేళ్ల గుండె ఇలా ఉండకూడదట. విశ్రాంతి తీసుకోవడం చేతకాని అవయవం నా ఒంట్లో ఒకటుందంటే ముందు నేనే నమ్మలేదు.

తర్వాత నా కనురెప్పల మూలల్లో పసుపు మచ్చలు చూసింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా?"

"తాతకి, నాన్నకి, బాబాయ్‌కి. అవి మా వంశపు అదృష్టం మచ్చలండీ."

"అవి కొవ్వు. తాతా నాన్నా ఎలా పోయారు?"

"నిచ్చెన మీంచి పడి."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ బోర్డులు రాసేవాళ్ళే కదండీ."

ఆవిడ కలం కింద పెట్టి నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు బాబాయ్. నాన్న పోయేనాటికి నాకు నాలుగేళ్లు. అమ్మనడిగితే, "ఆ పూట అక్కడున్నది మీ బాబాయ్ ఒక్కడే, ఆయన్నే అడుగు" అంది. అందుకని అడుగుతున్నాను. ఆ రోజు అసలేం జరిగింది? పడ్డాక గుండె ఆగిందా, ఆగాక పడ్డాడా? ఇది రక్తంలో వచ్చే జబ్బయితే ఇప్పుడే గట్టి మందులు మొదలుపెట్టాలట.

ఇట్లు,
సడలని గుండె, సడలిన నడుము గల నీ అన్న కొడుకు

తా.క.: పిన్నికి నమస్కారాలు. నీ గుండుకు కూడా. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వెంట్రుక తల ఎత్తితే చాలు మంగలి దగ్గరికి పరిగెడుతున్నావు. అది నీకేం అపకారం చేసింది?

*

చిరంజీవి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. పద్ధతి కనక రాస్తున్నాను. చిరంజీవికి ఆశీస్సులు.

వంశ చిహ్నాన్ని పట్టుకుని కొవ్వంటుందా? ఆ మచ్చలు సరిగ్గా పడలేదని మా నాన్న ఫొటో రెండోసారి తీయించుకున్నాడురా! రెండు మచ్చలకూ దీపం పెట్టినట్టు వెలుతురు పడేలా కూర్చున్నాడు. అంత నిండు మనిషికి గుండెజబ్బు అంటగడతారా?

మీ తాత నలభై ఏడో ఏట నిచ్చెన వల్ల పోయాడు. మీ నాన్న నలభై ఒకటో ఏట అదే నిచ్చెన వల్ల పోయాడు. దాన్ని ఈ చేతులతోనే నరికి పొయ్యిలో పెట్టాను. ఆనాటి నుంచి మన గడపలోకి నిచ్చెన రాలేదు. వసారాలో బల్బు మాడిపోయి పదకొండేళ్లయింది. చీకట్లో చెప్పులు వెతుక్కుంటున్నాం, కానీ ప్రాణాలతో వెతుక్కుంటున్నాం. నేను బోర్డుల పని మానేసి వాచీలు బాగుచేస్తున్నది ఎందుకనుకున్నావ్? వాచీలవాడు ఎంత పడ్డా స్టూలు మీంచే.

ఇక ఆ రోజు ఏం జరిగింది, అక్కడ ఎవరున్నారు అని ఆరాలు తీస్తున్నావు. ఎందుకు తీస్తున్నావో తెలియనంత చిన్నపిల్లాణ్ణి కాదు.

ఇట్లు,
మీ నాన్న తర్వాత నిన్ను వేలు పట్టి బడికి నడిపించిన బాబాయ్

తా.క.: మీ పిన్ని ఆశీస్సులు చెప్పమంది. నేను చెప్పినవి పద్ధతి కోసం, మీ పిన్నివి నిజమైనవి. గుండు సంగతి నీకనవసరం.

*

ఆగ్రహోదగ్రులైన బాబాయ్ గారికి,

శాంతించమని కోరుతూ భయభక్తులతో రాయునది.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. మన ఇంట్లో గుండె ఆగిపోయి నిచ్చెన ఓడు అంటున్నారేమోనని నా అనుమానం. ఒకే నిచ్చెన. తాత చేత బోర్డులు రాయించుకున్నవాళ్ళు ఎక్కారు, సున్నం కొట్టేవాళ్ళు అరువు తీసుకుని ఎక్కారు, పక్కింటి పిల్లి ఎక్కింది. వాళ్ళందరినీ వదిలేసి, కళ్ళ దగ్గర పసుపు మచ్చలున్నవాళ్ళనే ఏరి మరీ కింద పడేసిందంటే, అది మామూలు నిచ్చెన కాదు, దానికి డాక్టరు చదువు ఉండి ఉండాలి.

నేను అడిగింది ఒక్క ముక్క. పడేముందు నాన్నకి చెమట పట్టిందా, చెయ్యి లాగిందా, ఆయాసపడ్డాడా? దానికి నువ్వు "ఆరాలు తీస్తున్నావా" అంటావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

ఇట్లు,
ఇంకా అదే ప్రశ్న పట్టుకుని వేలాడుతున్న నీ అన్న కొడుకు

తా.క.: డాక్టరమ్మ ఇచ్చిన ఫారంలో "కుటుంబంలో చిన్న వయసు మరణాలకు కారణం" అనే గడి ఉంది. ప్రస్తుతానికి "నిచ్చెన" అని రాశాను. ఆవిడ దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. నేను దాని పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి ఇచ్చాను.

*

ఒరేయ్!

ఆశీస్సులు ఈసారి బాకీ.

దొంగనా? నేనా? నాన్న లేని పిల్లాడివని ఇన్నేళ్లు పల్లెత్తు మాట అనకుండా పెంచినందుకు నన్ను బోనెక్కిస్తావా? నిచ్చెన నేనే పట్టుకున్నానని నీకెవడు చెప్పాడు? ఎదురు షాపువాడా? వాడు ఆ టైముకి అటు తిరిగి చిల్లర వెతుక్కుంటున్నాడు, వాడికేం కనబడింది? ఆనాడు పోలీసులే అడగలేదు. మీ అమ్మ అంత దుఃఖంలో కూడా అడగలేదు. ఇరవై నాలుగేళ్లకి నువ్వొచ్చావు అడగడానికి!

సరే విను. రేపే పెద్దాసుపత్రికి వెళ్తున్నాను. నీ డాక్టరమ్మని తలదన్నే డాక్టరు దగ్గర అన్ని పరీక్షలూ చేయించుకుని, మన వంశం గుండె నికార్సయినదని సర్టిఫికెట్ రాయించి, ముద్ర వేయించి, తెచ్చి నీ మొహాన కొడతాను. నాకు ఆర్నెల్లుగా పంటినొప్పి తప్ప ఏ జబ్బూ లేదు.

ఇట్లు,
దొంగ

తా.క.: పట్టుకోవడమంటే రెండు చేతులతోనే పట్టుకున్నాను. రాసి పెట్టుకో.

*

బాబాయ్,

నమస్కారం. వేళాకోళం కట్టిపెట్టి రాస్తున్నాను, నాకది ఎంత కష్టమో నీకు తెలుసు.

నిచ్చెన నువ్వు పట్టుకున్నావని నాకెవరూ చెప్పలేదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నిన్నెవరూ బోనెక్కించలేదు, నువ్వే ఎక్కి నిలబడ్డావు. అది కూడా ఎత్తే, కాస్త చూసుకుని దిగు.

ఎవరు పట్టుకున్నారు, ఎన్ని చేతులతో పట్టుకున్నారు, నాకు అక్కర్లేదు. నాకు భయంగా ఉంది. నాన్నకి నలభై ఒకటి. నీకిప్పుడు నలభై ఆరు. నాన్న మొహం నాకు సరిగ్గా గుర్తులేదు. నాన్న అనుకున్నప్పుడల్లా నీ మొహమే గుర్తొస్తుంది, గుండుతో సహా. సర్టిఫికెట్ తేకపోయినా ఫర్వాలేదు, పరీక్ష మాత్రం చేయించుకో.

ఇట్లు,
నువ్వు వేలు పట్టి నడిపించినవాడు

తా.క.: పంటినొప్పి ఎప్పుడొస్తుంది? నడిచినప్పుడా, నమిలినప్పుడా? నడిచినప్పుడైతే అది పన్ను కాదు బాబాయ్. పళ్ళకి కాళ్ళతో పనేంటి?

*

చిరంజీవికి, ఈసారి మనస్ఫూర్తిగా ఆశీస్సులు. పాత బాకీతో కలిపి.

ఆసుపత్రి మంచం మీద పడుకుని రాస్తున్నాను. అక్షరాలు గుట్టలెక్కితే సర్దుకుని చదువుకో, నీ ఉద్యోగమే అది కదా.

సర్టిఫికెట్ ఇవ్వండి అంటే, నన్నొక పరిగెత్తే పట్టా మీద నడిపించారు. ఎంత నడిచినా ఎక్కడికీ చేరదు. నాలుగో నిమిషంలో దవడ లాగేసింది. "పన్నండీ, రోజూ వస్తుంది" అంటే, ఆ పెద్ద డాక్టరు దించేసి నేరుగా లోపలికి పంపించాడు. గుండెకు వెళ్ళే ఒక గొట్టం మూసుకుపోవడానికి వెంట్రుకవాసి మిగిలిందట. అందులో స్టెంట్ అని స్ప్రింగులాంటిది వేశారు. ఇన్నేళ్లు నేను ఊరందరి వాచీలకు స్ప్రింగులు వేస్తే, చివరికి నాకొకడు వేశాడు. గ్యారంటీ కాగితం అడిగాను. రోజూ మందు మింగడమే గ్యారంటీ అన్నాడు.

రెండో రోజు వచ్చి మీ నాన్న సంగతి అడిగాడు. ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పాను, నీకూ చెప్తున్నాను.

నిచ్చెన పట్టుకున్నది నేనే. రోడ్డవతల మీ పిన్ని టైపు క్లాసుకి వెళ్తోంది. అప్పటికింకా మీ పిన్ని కాదులే. అప్పుడే నా క్రాపు మీద ఎర్ర రంగు పడింది. ఆ పిల్ల చూస్తుందేమోనని జుట్టు తుడుచుకుని సర్దుకోవడానికి చెయ్యి తీశాను. రెండు చేతులూ తీశాను. అన్నయ్య పడిపోయాడు. నాలుగేళ్ల నీకు నాన్నని లేకుండా చేసింది నా క్రాపేననుకుని ఇన్నేళ్లు బతికాను. అందుకే దాన్ని మళ్ళీ మొలవనివ్వలేదు.

డాక్టరు అంతా విని, "నీ తల మీద రంగెలా పడింది?" అన్నాడు.

"బ్రష్షు పడిందండీ."

"బ్రష్షు ముందు పడిందా, మనిషి ముందు పడ్డాడా?"

ఒరేయ్, ఇరవై నాలుగేళ్లలో నన్ను నేను ఆ ఒక్క ప్రశ్న వేసుకోలేదు. మీ నాన్న గాలివానలో రాసినా బ్రష్షు జారనిచ్చేవాడు కాదు. నేను చెయ్యి తియ్యకముందే ఆయన చెయ్యి వదిలేసింది. ముందు రోజునుంచీ ఎడం చెయ్యి పిసుక్కుంటూనే ఉన్నాడు. రంగు డబ్బా బరువన్నాడు, నమ్మాను.

నీ ఫారంలో నిచ్చెన కొట్టేసి ఇలా రాయి. తాత, నలభై ఏడు, గుండె. తండ్రి, నలభై ఒకటి, గుండె. బాబాయ్, నలభై ఆరు, గుండె, బతికే ఉన్నాడు. మా అమ్మాయికి, అదే మీ చెల్లెలికి, పదిహేనేళ్లేనని మీ పిన్ని అన్నా వినకుండా దాని రక్తం కూడా తీయించాను. దానికీ ఉందట, ముందే దొరికింది కనక భయం లేదట. నువ్వు మందులు ఇవాళే మొదలుపెట్టు. నడుము సంగతి కూడా చూడు.

ఇప్పుడు నా కోపమంతా నా మీదే. బంగారంలాంటి టేకు నిచ్చెన! ఏ పాపం ఎరగని దాన్ని నరికి నీళ్లు కాచుకున్నాను.

ఇట్లు,
కేసు కొట్టేయబడిన బాబాయ్

తా.క.: జుట్టు పెంచుతున్నాను. పదకొండు మొలిచాయి, పదకొండూ తెల్లవేనని మీ పిన్ని లెక్క తేల్చింది. వచ్చేటప్పుడు ఒక దువ్వెన తీసుకురా. ఒక నిచ్చెన కూడా. వసారాలో బల్బు మార్చాలి. నువ్వెక్కు. నేను పట్టుకుంటాను, పిన్ని ఎదురుగా వచ్చి నిలబడినా సరే.