గాలిపొదల్ని చంపిందెవరు

14వ తేదీ, బుధవారం
మధ్యాహ్నం, నారు షెడ్డు

అన్నయ్యకు,

నీ చెల్లెలి నమస్కారాలు. అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి ఒప్పుకోవడం లేదు, అందుకని ఉన్నమాటతోనే మొదలుపెడుతున్నాను. మన గాలిపొదల్ని చంపేశారు. చంపినవాడు తోట సూపర్నెంటు.

చూస్తే నువ్వు నమ్మవు. సముద్రపు గాలికి అడ్డుగా నిలిచే ఆ నూట నలభై పొదలూ నువ్వు వెళ్ళిన రోజున ఎలా ఉన్నాయో అంత పచ్చగానూ ఉన్నాయి. ఆకు దళసరిగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. ఈ జాతితో వచ్చిన చిక్కే అది. వేరు చచ్చిన ఎన్నాళ్ళకి గానీ ఆకుకి కబురందదు. సోమవారం అంచులు కత్తిరిస్తుంటే ఒక రెమ్మ వంగకుండా పుటుక్కున విరిగింది. నువ్వు నేర్పినట్టే బొటనవేలి గోరుతో బెరడు గీకాను. లోపల లేతాకుపచ్చ ఉండాలి కదా, తడిసిన అట్టపెట్టె రంగు కనిపించింది. పక్కదీ అంతే. గోరు చిట్లేదాకా గీక్కుంటూ పోయాను. నూట ముప్పై ఒకటి పోయాయి. సూపర్నెంటు ఇంటి వైపు చివర ఉన్న తొమ్మిదింటిలో మాత్రం ఇంకా ప్రాణముంది.

మొదళ్ళ దగ్గర తవ్వితే సున్నం చల్లినట్టు తెల్లటి పొర. మందు పోయించాడు! ఎందుకంటావా? అతిథి గృహం వరండాలో కూర్చున్నవాళ్ళకి సముద్రం కనిపించడం లేదట. కిందటి ఏడు ఈ పొదల్ని మోకాలెత్తుకి కోయిస్తానంటే వరస ముందు అడ్డంగా కూర్చున్నాం, ఆ గొడవలోనే కదా నీ పని పోయింది. పైనుంచి కుదరనిది కిందనుంచి కానిచ్చాడు. ఎండలు మొదలవగానే వరసకి నీళ్ళు కూడా ఆపించాడు. ముదురు పొదలు, వేళ్ళు లోతుకెళ్ళాయి, వాటి దాహం అవే చూసుకుంటాయి, మధ్యలో నీకెందుకమ్మాయ్ అని చేతిలో స్కేలు ఊపుతూ అన్నాడు. స్కేలుబాబుకి ఆ కర్ర లేకపోతే మాట పెగలదు కదా. మిగిలిన నీళ్ళు ఎక్కడికి పోయాయో తెలుసా? వరండా ముందు పచ్చికకి!

ఆదివారం నుంచి గాలులని రేడియోలో చెప్పారు. మొదటి గాలికి ఈ ఆకంతా రాలుతుంది, రెండోదానికి కట్టె కూలుతుంది. ఆ తర్వాత వెనకున్న నలభై రేకుల ఇళ్ళకీ సముద్రానికీ మధ్య ఏమీ ఉండదు. అందరికంటే ముందున్నది మన ఇల్లే. అమ్మ ఇప్పటికే మంచం గోడవైపు జరిపింది. ఎందుకని అడిగితే ఊరికే అంది.

మేస్త్రి తాతకి ఇదంతా చెప్పాను. ముందు నన్ను మట్టి చూడనీ తల్లీ, నోరు తర్వాత పారేసుకుందువుగాని అన్నాడు. ముప్పై ఏళ్ళు వంగి వంగి నీ నడుమే కాదు, మాట కూడా వంగిపోయింది తాతా అనేశాను. అమ్మ చీపురు అందుకుంది. పెద్దాయన్ని అంత మాటంటావా, ఆ కాగితాలు చదివి చదివి నీ నాలుకకి ఎముక మొలిచింది అని ఒకటే తిట్లు. ఆ కాగితాలంటే నువ్వు వదిలివెళ్ళిన కరపత్రాలే. అన్యాయానికి ఒక మొహం ఉంటుంది, ముందు ఆ మొహం చూపించు అని అందులో ఉంది కదా. నిన్న సాయంత్రం షెడ్డు ముందు బల్ల ఎక్కి చూపించాను. ఎప్పుడూ నోరు విప్పని కంచెల మామ కూడా లేచి, ఇన్నాళ్ళూ మనం మనుషులమా మట్టి తట్టలమా అన్నాడు. అందరూ అరిచారు. నా ఒళ్ళు ఝల్లుమంది.

ఇవాళ పొద్దున ఎవరో సూపర్నెంటు కిటికీకి రాయి విసిరారు. వాళ్ళావిడ అప్పటినుంచీ తలుపు తీయలేదు. విసిరిందెవరని నేను అడగలేదు.

శుక్రవారం ఉదయం ఆరింటికి అతని గేటు ముందుకి అందర్నీ గునపాలతో రమ్మన్నాను. నువ్వూ మీ నర్సరీ వాళ్ళని వెంటబెట్టుకుని రా. ఈ ఉత్తరం రొట్టెల వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను, రేపు పొద్దుటికి నీకు చేరుతుంది.

నీ చెల్లెలు

తా.క.: సాయంత్రం ఐదయింది. అంటించిన కవరు మళ్ళీ చించాను.

మేస్త్రి తాత నన్ను పొదల దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ తెల్లటి మట్టి చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. నా నోట్లోనూ పెట్టాడు. మందు కాదన్నయ్యా, ఉప్పు. ఇక్కడ నీళ్ళెవరు పెట్టారమ్మా అని మెల్లిగా అడిగాడు.

పైన నీకు రాయనిది ఒకటుంది. గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని రాయలేదు. సూపర్నెంటు నీళ్ళు ఆపిన మర్నాటి నుంచి రెండు నెలలపాటు, పని గంట కొట్టకముందే వెళ్ళి, మూసేసిన పాత బావి తాళం ఊడదీసి, నీళ్ళు తోడి తొట్టి నింపి, గొట్టం అందినంత మేరా వరసని తడిపాను. తాళం వేశారంటే మనకి దక్కకుండా దాచుకున్నారనే అనుకున్నాను. ఆ బావిలోకి సముద్రం దిగి మూడేళ్ళయిందట. చివరి తొమ్మిదింటికీ గొట్టం అందలేదు, అందుకే బతికాయి. ఆకు మీద పడ్డ ఉప్పుని వాన కడిగేస్తుంది, వేరుకి తాగిస్తే ఎవరు కడుగుతారు పిచ్చితల్లీ అన్నాడు తాత. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. వాటిని చంపింది నేను.

ఆ పొదలు కూలకముందే, వాటిని కదపకుండా వెనక వెదురు బొంగులు పాతి షేడ్‌నెట్ బిగించి కడితే ఈ ఏటికి గండం గడవచ్చంటున్నాడు. మీ నర్సరీలో నెట్ ఎంత ఉంటే అంత పట్టుకురా.

కంచెల మామకి ఇందాకే చెప్పబోయాను. గునపం మొన నూరుకుంటున్నాడు. నిన్న అలా, ఇవాళ ఇలానా, ఆ స్కేలుబాబు నిన్ను బాగా భయపెట్టాడే అని నవ్వాడు. మొన మాత్రం నూరుతూనే ఉన్నాడు. ఇది ఒక్కొక్కరి చెవిలో చెబితే అయ్యే పని కాదు. అందరి ముందూ, ఆ గేటు దగ్గరే చెప్పాలి. విన్నాక ఆ గునపాలు ఎటు తిరుగుతాయో నాకు తెలియదు. సూపర్నెంటు గేటుకి అడ్డంగా నేను ఐదున్నరకే నిలబడి ఉంటాను. శుక్రవారం ఉదయం ఆరు గంటలు, అన్నయ్యా. ఆరు దాటనీయకు.