టోపీలు ఏరిన పిల్ల

ట్రెమే పేట, న్యూ ఆర్లీన్స్
ఆదివారం

ఓడీల్ అక్కకి,

శుక్రవారం ఇల్లమ్మే కాగితాల మీద సంతకం పెట్టకు, నీకు పుణ్యముంటుంది! ఇవాళ జాజ్ వాయిద్యగాళ్ళ ఇళ్ళు చూడ్డానికొచ్చిన పద్నాలుగుమందిని పేటంతా నడిపిస్తూ, సరదాకి మన గుమ్మం ముందు ఆపాను. "మా నాన్న ట్రాంబోన్ బూరా జారుడు గొట్టం ముందుకు చాపితే గదిలో పట్టేది కాదు. కిటికీలోంచి బయటపెట్టి వాయించేవాడు" అని ఓ కోత కోశాను.

ఎదురింటి ముసలి ఎర్నెస్టీన్ మెట్ల మీంచి లేచింది. "కోతలరాయుడా, ఇన్నాళ్ళకి ఒక్క నిజం చెప్పావురా! దారినపోయే మా ఆయన టోపీ మీ నాన్న ఆ గొట్టంతో ఎన్నిసార్లు ఎగరగొట్టాడో! ఏరి తెచ్చిచ్చేది మీ ఓడీలే!"

అక్కా, అది నేను అప్పటికప్పుడు అల్లిందే! నాన్న పోయేనాటికి నాకు రెండేళ్ళు. నువ్వెప్పుడూ చెప్పలేదేం?

జనం ఆ టోపీల పిల్లని చూడాలంటున్నారు. వచ్చే ఆదివారం మన కిటికీ దగ్గరే ఉంటుందని మాటిచ్చేశాను. ఈ ఒక్క మాటా అబద్ధం కానివ్వకు.

నీ తమ్ముడు