సబ్బుతో కడిగిన బొమ్మ

తమ్ముడు ములాంబాకు, బుకావులో మేమంతా కులాసా.

నాన్న పోయాక మనకొచ్చిన కొయ్యబొమ్మను, మన పెద్దల సంఘం బ్వామిలో దీక్షకు శుభ్రంగా ఉండాలని సబ్బుతో కడిగానని రాశావు. ఆ ఉత్తరం మన దీక్షాపెద్ద వాకెంగాకు చదివి వినిపించాను. ఆయన, "మురికనుకున్నాడట్రా? మీ తాత, మీ నాన్న చేతుల జిడ్డురా ఆ నలుపు. తెల్లబొమ్మ పట్టుకెళ్తే నిన్న సంతలో కొన్నదంటారు, దీక్షలో కూర్చోనివ్వరు" అన్నాడు.

దీక్షకు వానలు వెలిసేదాకా వ్యవధి ఉంది. రోజూ ఆముదం రాసి వట్టి చేత్తో రుద్దు, గుడ్డ తగలనివ్వకు. అమ్మ మోకాలినొప్పి ఎలా ఉంది? నేను పంపిన ఎండుచేపలు అందాయా? పిల్లలకు నా దీవెనలు.

బొమ్మ ఈ ఏడు నల్లబడకపోతే దిగులుపడకు, రుద్దుతూనే ఉండు. నీ తర్వాత నీ కొడుకు కడక్కుండా ఉంటే చాలు.

అన్న కికుని