చీటీకి రెండు కన్నాలు

జూన్ 11, 2011, శనివారం
మా పై గదిలో అద్దెకుంటున్న విద్య తన కందిరీగల పెట్టె డైనింగ్ టేబుల్ మీద వదిలేసి గ్రోసరీకి వెళ్లింది. మాస్టర్స్ థీసిస్ అట. అన్నీ సాలీళ్లను వేటాడే రకాలే, నలభై. ఒక్కోటీ సూదికి గుచ్చి, కింద చిన్న చీటీ. రెక్కల ఈనెలు, కాళ్ల ముళ్లు చూసి ఏది ఏ జాతో తేలుస్తుంది. నాకు అన్నీ ఒకే మొహం. చేతులు ఊరుకోలేదు. రెండింటి చీటీలు అటుదిటు మార్చి గుచ్చాను. ఒకటి ల్యాబ్ వాళ్లిచ్చిన ఎడారిది. రెండోది ఇక్కడ టెక్సాస్‌లో మా కాపెల్ ఇంటి పెరట్లో, పురుగులు పడాలని ఆ పిల్ల సబ్బునీళ్లు పోసి పెట్టే పసుపు గిన్నెలో పడింది.

మొన్న మా ఆయన కాఫీలో ఉప్పు వేసినట్టే ఇదీ. తిట్టించుకోవడానికి రెడీగా ఉన్నాను.

జూన్ 14
తిట్టలేదు. చీటీలు మారినట్టు కనిపెట్టలేదేమో.

జూన్ 16, గురువారం
విద్య మెట్ల మీద నుంచి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. పెరట్లో దొరికినదాని మీసాలు నారింజ రంగట. ఎడారి జాతట, ఇంత తూర్పున ఎవరికీ దొరకలేదట. ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేసింది. రేపు డిపార్ట్‌మెంట్ అందరి ముందూ చూపించాలట.

అప్పుడడిగాను చీటీ ఎందుకని. పురుగు ఎక్కడిదో చెప్పేది అదొక్కటేనట. అది తప్పైతే పురుగు చెత్తబుట్టలోకే.

ఆ నారింజ మీసాలది నేను చీటీ మార్చిన ఎడారిదే.

జూన్ 17, ఉదయం 8
కార్ స్టార్ట్ చేస్తుంటే అడ్డంగా నిలబడి చెప్పేశాను. నవ్వింది. ఈసారి జోక్ బాలేదంది. మా ఆయన్ని పిలిస్తే ఆయనా నవ్వాడు. పెట్టె తెరిపించి చూపించాను: ఆ రెండు చీటీలకీ రెండేసి కన్నాలు. ఒకటి తను గుచ్చింది, ఒకటి నేను.

నవ్వు ఆగిపోయింది. ఎన్ని మార్చారని అడిగింది. రెండే అన్నాను.

"మిగతావి కూడా మార్చి పాత కన్నంలోనే గుచ్చలేదని ఎలా నమ్మను ఆంటీ?"

జూన్ 25
పెట్టె మొత్తం థీసిస్‌లోంచి తీసేసిందట. డిఫెన్స్ పరీక్ష డిసెంబర్‌కి పోయింది, వీసా పేపర్లు ఎక్స్‌టెండ్ చేయించుకోవాలి. గది ఖాళీ చేసింది. వెళ్తూ కూడా ఆంటీ అనే పిలిచింది. తిట్టినా బాగుండేది.

జూలై 9
విద్య మర్చిపోయిన పసుపు గిన్నెలో నేనే సబ్బునీళ్లు మారుస్తున్నాను. ఇవాళ ఒకటి పడింది. భూతద్దం పెట్టి చూశాను. మీసాలు నారింజ రంగు.

చీటీ రాశాను. కాపెల్, టెక్సాస్. తేదీ. పట్టినవారి పేరు దగ్గర విద్య అని రాయబోయి ఆగాను.

నా పేరే, గిరిజ అని రాశాను. ఒక్క కన్నమే పొడిచాను.